అవ్వ తుంటిల సీసం

మా దిక్కు ఎవలన్న కుంటుకుంట నడుస్తె ఏమైందని అడగరు. నీళ్లు అనుకుంటరు, అంతే. నల్లగొండ జిల్లల పుట్టినోళ్లకు ఇది చెప్పే పనే లేదు. బోరింగు నీళ్లల్ల ఫ్లోరైడు ఉంటది, తాగంగ తాగంగ బొక్కలు బిగుసుకపోతయి, పండ్లు పచ్చగైతయి. మా ఊర్ల ముసలోళ్లు సగం మంది గట్లనే ఉంటరు. అందుకే మా అవ్వ కుంటుడును మేమెన్నడు పట్టించుకోలె. అవ్వ మాత్రం నీళ్ల పేరు చెప్పకపోయేది. చిన్నప్పుడు పొట్టేలు పొడిసింది అనేది.

మేము గొర్లు మేకలు కాసేటోళ్లం. పొట్టేలు పొడుసుడు మాకు వింత కాదు. నేనే ఊకె గెలికేదాన్ని.

"అవ్వా, నిన్ను పొడిసిన పొట్టేలు ఏ రంగుదే?"

"నల్లది."

"మొన్న ఎర్రది అన్నవు గద."

"రెండు రంగులు ఉండె తియ్. ఇప్పుడు దాన్ని కోసి కూరొండుతవా?"

మా అమ్మ నాకు యాదికి లేని వయసుల్నే పోయింది. అవ్వనే సాదింది నన్ను. నెత్తికి నూనె పెట్టుడు కాడికెల్లి బడికి తోలుడు దాక అంత అవ్వనే. అవ్వంటె మా బాపు వాళ్లమ్మ. నేను పది పాసైన, ఇంటర్ సగంల ఇడిసిపెట్టి చౌటుప్పల్ దిక్కు మందుల కంపెనీల ప్యాకింగు పనికి పోతుంటి. గప్పుడు జరిగింది ఇదంత.

ఆ ఎండకాలం అవ్వ మేకలకు తుమ్మకొమ్మ కొట్టబోయి గట్టు మీదికెల్లి కింద పడ్డది. లేచింది, దుమ్ము దులుపుకున్నది, గట్టునే రెండు మాటలు తిట్టింది, ఇంటికొచ్చింది. ఏం కాలేదనుకున్నం. ఆనుక వానకాలం మొదలైంది, మనిషి ఆరిపోవుడు మొదలువెట్టింది. కడుపుల నొప్పి అని ముడుసుకొని పండేది. మొఖం సున్నం కొట్టినట్టు తెల్లగైంది. ఏం తిన్నా నోట్ల ఇనుము చప్పరిచ్చినట్టు ఉన్నదని ఉమ్మేసేది. చౌటుప్పల్ల ఒక దవాఖానకు తోలుకపోతె ముసలితనం, ఫ్లోరైడు, రక్తం తక్కువ అని గోలీలిచ్చిండ్రు. మేము సరే అని వచ్చినం. మాకు తెలిసింది గదే కదా.

ఒకనాడు పొద్దుగాల మేక కాడ కూసున్నది పాలు పిండుదామని. నేను గడపల జడ ఏసుకుంటున్న. మేక అరుస్తాంది, అవ్వ కదలదు. పోయి చూస్తె కుడిచెయ్యి మణికట్టు కాడ వాడిన తోటకూర లెక్క వేలాడ్తాంది. లేపుదామని చూస్తది, లేవది. ఎడమచేత్తోని పట్టి లేపుతది, ఇడిసిపెడితె మల్ల పడ్తది.

"ఏందవ్వా గిది?"

"చెయ్యి మాట ఇంటలేదే" అన్నది మెల్లగ. మేక ఎనుకకు మర్రి అవ్వను చూసింది. "నువ్వేం చూస్తవే, నీ పని నువ్వు చూస్కో" అని దాన్ని కసిరింది. నాకు నవ్వొచ్చింది, బుగులూ వచ్చింది.

అదే రోజు పగటీలి అన్నం పెట్టుకొని గోడకు ఒరిగి కూసోబోయిన. ఉప్పుసంచి పక్కపొంటి.

"జర జరుగు బిడ్డా" అన్నది అవ్వ. "మా అమ్మ కూసున్నది గాడ."

మజాక్ చేస్తున్నదనుకున్న. "మీ అమ్మకు బువ్వ పెట్టనా మరి?" అన్న. అవ్వ నవ్వలె. ఉప్పుసంచి దిక్కే చూస్తాంది. నేను గూడ చూసిన. ఏం లేదు. సంచి, గోడ, గోడకు చీపురుకట్ట. అయినా నేను జరిగే కూసున్న. ఎందుకు జరిగిన్నో ఇప్పటికీ నాకు ఎర్కలేదు.

గప్పటిసంది దినాం. పట్టపగలే వస్తదట. ఒకపారి దొడ్డి కాడ, ఒకపారి పొయ్యి కాడ. ఎప్పుడొచ్చినా ఈపే కనవడ్తదట, మొఖం కనవడదట. "ఇటు మర్రదు" అనేది అవ్వ. "పిలుస్తున్న గని మర్రది." ఇంటి పక్కోళ్లకు తెలిసింది. దయ్యం అన్నది ఒకామె, పెద్దోళ్లకు కోపమొచ్చింది అన్నది ఇంకొకామె. బాపు ఒక ముసలాయనను తోలుకొచ్చి చేతికి దారం కట్టిచ్చిండు. గా పడిపోయిన చేతికే కట్టిండు. అవ్వ ఆ దారం చూసి, "ఇది కట్టితె లేస్తదా, ఇరిగిన కొమ్మకు పేలిక చుట్టినట్టు?" అన్నది. దయ్యం పట్టిన మనిషి గింత సక్కగ ఎట్ల మాట్లాడ్తదని నేను బాపుతోని కొట్లాడిన. పట్నం పెద్ద దవాఖానకు తోలుకపోవాలని పట్టువట్టిన.

గాడ ఒక డాక్టరమ్మ ఉండె, నాకంటె ఏడెనిమిదేండ్లు పెద్దదేమో. అవ్వ చెయ్యి చూసింది, ఆనుక పెదవి కిందికి గుంజి చిగురు చూసింది. ఉన్న నాలుగు పండ్ల కింద నల్లగ గీత లెక్క ఉన్నది. తమాకు అన్న నేను. ఆమె తల అడ్డంగ ఊపింది. సీసం పని ఏమన్న చేసిందా, ఇంట్ల బ్యాటరీలు కరిగిస్తరా, నాటుమందు ఏమన్న తింటదా అని ఒకటే అడుగుడు. ఏం లేదన్నం. కుంటుకుంట నడుస్తాందని తుంటికి ఎక్స్‌రే తీయమన్నది. నీళ్లు మేడం అన్న. తీద్దాం అన్నది.

ఎక్స్‌రేల తుంటి కీలు కాడ తెల్లగ, గుండ్రంగ, రేగ్గాయంత ఒకటి. పక్కపొంటి చిన్న చిన్న తునకలు, చుక్కలు చల్లినట్టు. బొక్క కంటె తెల్లగ మెరుస్తాంది.

"ఈమెకు తుపాకీ గుండు ఎప్పుడు తగిలింది?" అన్నది డాక్టరమ్మ.

బాపు నోరు తెరిసిండు. "పొట్టేలు పొడిసింది మేడం" అన్నడు.

"పొట్టేలు గుండు పెట్టదు కదండీ."

మేమిద్దరం అవ్వ దిక్కు చూసినం. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ దిక్కు మర్రింది.

రక్తం పరీక్షల సీసం బాగ ఎక్కువున్నదని తేలింది. గుండు కండల ఉన్నన్ని రోజులు దాని సుట్టు పెయి పొర కట్టి పెట్టిందట. గట్టు మీదికెల్లి పడ్డప్పుడు జరిగి కీలులకు పోయింది. కీలుల నూనె లెక్క నీళ్లుంటయి గద, ఆ నీళ్లల్ల సీసం కరుగుతాంది, రక్తంల కలుస్తాంది. నాకు ఒకటి అర్థం కాలె. తుంటిల సీసముంటె చెయ్యెందుకు పడ్తది, అమ్మ ఎందుకు కనవడ్తది? సిగ్గిడిసి అడిగిన. డాక్టరమ్మ ఇసుక్కోలె.

"మన ఒంట్లో పనులు చేసేవి ఎంజైములు. వేలల్లో ఉంటాయి. దారం ఉండ చుట్టుకున్నట్టు చుట్టుకుని, నడుమ ఒక చిన్న గుంట ఉంటుంది. పనంతా ఆ గుంటలోనే. చాలా ఎంజైములకు ఆ గుంటలో ఒక లోహపు అణువు ఉండాలి. ఒకదానికి ఇనుము, ఒకదానికి రాగి, ఒకదానికి జింకు. కంటికి కనబడేంత కాదు, ఒకే ఒక్క అణువు. అది కూర్చుంటేనే ఆ గుంటకు సరైన ఆకారం."

"ఇసుర్రాయి నడుమ సీల ఉన్నట్టా మేడం? సీల లేకుంటె పైరాయి తిరగదు."

"దాదాపు అంతే. కానీ సీల ఊరికే నిలబెడుతుంది. ఈ లోహం పని కూడా చేస్తుంది. కండల్లో పుట్టిన చెడ్డగాలిని రక్తంలో కలిపే ఎంజైము ఒకటుంది. దాని గుంటలో జింకు ఒక నీటి అణువును పట్టుకుని తయారుగా కూర్చుంటుంది. గాలి రాగానే ఆ నీళ్లను దానికి అంటిస్తుంది. నువ్వు ఒక్క శ్వాస తీసేలోపు లెక్కలేనన్ని సార్లు."

నేను తెల్వకనే ఊపిరి బిగవట్టిన. ఆమె నవ్వింది.

"రక్తానికి ఎరుపు తయారుచేసే వరుసలో ఇంకో ఎంజైము. దాన్లోనూ జింకే. మూడు చేతులు పట్టుకున్నట్టు మూడు దిక్కుల పట్టుకుంటుంది, నాలుగో దిక్కు పని కోసం ఖాళీ. సీసం వచ్చి జింకును నెట్టేసి ఆ మూడు చేతుల్లో తను కూర్చుంటుంది. చేతులకు తేడా తెలియదు. జింకు కంటే గట్టిగా పట్టుకుంటాయి, ఇక వదలవు. కానీ ఆ పని సీసానికి రాదు. సగం తయారైన సరుకు రక్తంలో పేరుకుపోతుంది. అది నరాలకూ మెదడుకూ ఎక్కుతుంది. చెయ్యి అందుకే పడింది. కనబడేది కూడా అందుకే కావచ్చు."

మందు ఎక్కిస్తం, అది గోర్లతోని పట్టినట్టు సీసాన్ని పట్టుకొని మూత్రంల బయటికి తీసుకపోతది అన్నది. గని గుండు లోపల్నే ఉంటె ఎంత తీసినా మల్ల కరుగుతది, ఆపరేషన్ చెయ్యాలె, లేకుంటె మనిషి దక్కదు అన్నది.

అవ్వ మంచం కాడికి వచ్చి నాకు అర్థమైనట్టు చెప్పిన. ఇసుర్రాయి, సీల, మూడు చేతులు. అవ్వ మంచిగ ఇన్నది. "పరాయిది వచ్చి కూసుంటె ఎర్కలేకపాయె ఆ చేతులకు?" అన్నది. "కోడండ్లు మొద్దులని ఊకె అంటరు, మన పెయి గింత మొద్దా?"

ఆపరేషన్ అనంగనే మొఖం మారిపోయింది.

"వద్దు."

"ఎందుకే?"

"అది తీస్తె మా అమ్మ రాదు."

గప్పుడు చెప్పింది. కిటికీల కెల్లి పగటీలి ఎండ మంచం మీద పడ్తాంది, పక్క మంచమామె బత్తాయి పండు ఒలుస్తాంది, అవ్వ మామూలు ముచ్చట చెప్పినట్టే చెప్పింది.

అవ్వ పుట్టిల్లు మోత్కూర్ దిక్కు. గప్పుడు అవ్వ చిన్న పిల్ల. రజాకార్లు తిరిగే కాలం, దళాలు తిరిగే కాలం, ఊర్లకు మిల్ట్రీ ఇంక రాలేదు. తుపాకి సప్పుడైతె మొగోళ్లు గుట్టకు ఉరికేది, ఆడోళ్లు పిల్లలు చేన్లల్ల పడేది. ఆనాడు ఇద్దరు జొన్నచేన్ల దాక్కున్నరు, తల్లి ముంగట, అవ్వ ఎనుక. తల్లి నడుము సుట్టు చేతులేసి, మొఖం ఈపుకు ఆనిచ్చి కండ్లు మూసుకున్నదట అవ్వ. సప్పుడైంది. తల్లి ఎనుకకు ఒరిగి మీద కూసున్నట్టు కూసున్నది.

"ఎవలు కొట్టిండ్రు?"

"ఏమెర్క? నాకు ఈపే కనవడె. భర్మారు తుపాకి సప్పుడు అన్నరు తర్వాత. భర్మార్లు అందరి కాడ ఉండె. సీసం కరిగిచ్చి గుండ్లు పోసుకునేది ఊర్లల్ల. ఏ ఊరి సీసమో."

గుండు తల్లి పెయిలకెల్లి దూరి అవ్వ తుంటిల ఆగింది. తడి తగిలింది గని అదంత తల్లిదే అనుకున్నదట. మేనమామ వచ్చి రెక్క పట్టి గుంజితె, లేచి నిలవడబోతె కాలు ఆనలె. భుజానేసుకొని ఉరికిండు. మూసీ దాటి సుట్టాల ఊర్ల పడ్డరు. ఆకుపసరు కట్టిండ్రు, గాయం మూసుకున్నది, గుండు లోపల్నే ఉన్నది. పోలీస్ యాక్షన్ అయినంక ఊర్లకు మిల్ట్రీ వచ్చింది. గుండు దెబ్బ ఉన్నోళ్లను దళపోళ్లని పట్టుకపోతున్నరని ముచ్చట పుట్టింది. నిజమో అబద్ధమో. ఎవలడిగినా పొట్టేలు పొడిసిందని చెప్పు అన్నడు మేనమామ. అవ్వ గదే చెప్పింది. మొగనికి, కొడుకుకు, నాకు.

"మల్ల ఆ చేను కాడికి పోలేదా?"

"పోయినం. జొన్న కోసుకపోయిండ్రు. కొయ్యలే ఉండె." అన్నది అవ్వ. "నన్ను గుంజినప్పుడు మా అమ్మ పెయి ఇంక ఎచ్చగనే ఉండెనే. సచ్చినట్టు ఎవలు చూసిండ్రు? బతికున్న మనిషినే ఇడిసొచ్చినమేమో. మొఖం చూస్తె ఎర్కైతది కోపంల ఉన్నదా లేదా. గందుకే, అమ్మ ఇటు మర్రెదాక నేను ఆపరేషన్ చేపిచ్చుకోను."

సీసం వల్ల కనవడ్తాందని చెప్తె, కావచ్చు బిడ్డా, అది మా అమ్మ పెయిలకెల్లి వచ్చిన సీసమే గద అన్నది. బాపు వచ్చి బతిమిలాడిండు, ఏడ్సిండు. "నువ్వు పోతె నాకు ఎవలున్నరే" అన్నడు. "నీకు బిడ్డున్నది, మేకలున్నయి. నాకు ఒక్కతే ఉండె" అన్నది.

మందు ఎక్కిస్తనే ఉన్నరు. అవ్వ ఒకపారి సోయిల ఉండేది, ఒకపారి ఉండకపోయేది. మంచం కాళ్ల దిక్కు ఒక స్టూలు ఉండె. ఆమె గాడ కూసుంటాంది అని చెప్పినంక ఆ స్టూలు మీద నేను టిఫిన్ డబ్బ పెట్టుడు బందు చేసిన. సిస్టర్ వచ్చి దాని మీద ట్రే పెడితె నేను తీసి మంచం మీద పెట్టేదాన్ని. పండ్లు ఒలిచే పక్క మంచమామె గూడ ఆ స్టూలు జరపకుంట సుట్టు తిరిగి పోయేది. మా ముగ్గుర్ల సీసం ఎక్కినోళ్లు ఒక్కరే, గని ఆ జాగ ముగ్గురికీ నిండే ఉండె.

ఒకనాడు నేను బయటికెల్లి చాయ్ పట్టుకొస్తున్న. అవ్వ నన్ను చూసింది. ఆనుక స్టూలు దిక్కు చూసింది. మల్ల నన్ను చూసింది. మొఖంల రక్తం లేని మనిషి, ఉన్న రంగు గూడ పోయింది.

"నువ్వు ఏడున్నవు?" అన్నది.

"ఈడనే గదవ్వా. చాయ్ తెచ్చిన."

"మరి గా మొఖం ఎందుకిచ్చినవు దానికి?"

చాయ్ కింద పెట్టి పక్కపొంటి కూసున్న. నా గదువ పట్టుకొని, ఎడమచేత్తోని, కండ్లు, ముక్కు అన్నీ తడిమింది. చానాసేపు.

"మర్రింది" అన్నది. "ఇన్నేండ్లకు మర్రింది. చూస్తె నీ మొఖం. మా అమ్మ మొఖం కాదు. నాకు మా అమ్మ మొఖం యాది లేదే బిడ్డా. లేనికాడ నీది తెచ్చి పెట్టింది."

"ఎవలు అవ్వా?"

"గదే. పరాయి జాగల వచ్చి కూసునేది. నువ్వే చెప్పినవు గద." నా గదువ ఇడువలె. "రేపు చేన్ల గా గుండు నీకు తాకినట్టు కనవడ్తది నాకు. దినాం కనవడ్తది. ఒక్కదాన్ని ఇడిసొచ్చిన, సాలు. పో, డాక్టరమ్మకు చెప్పు. తీయమను."

ఆపరేషన్ చానాసేపు అయింది. గుండు పెద్ద తునక వచ్చింది, చిన్న చుక్కలు కొన్ని లోపల్నే ఉండిపోయినయి. పోలీసోళ్లకు ఇయ్యాలె, రూల్ గదే అన్నది డాక్టరమ్మ, గని ముందు అవ్వకు చూపిచ్చింది. ఉక్కు గిన్నెల నల్లగ, సొట్టలు పోయి, చీకిన రేగ్గాయ లెక్క ఉన్నది.

"గింతదా?" అన్నది అవ్వ. వేలుతోని ముట్టింది. మల్ల ఇచ్చేసింది.

మందు ఇంకొన్ని నెలలు నడిసింది. సీసం దిగుకుంట వచ్చింది. జింకు తన జాగల తను వచ్చి కూసున్నదో, కొత్త ఎంజైములే పుట్టినయో నాకు ఎర్కలేదు గని మొఖంల రక్తం వచ్చింది. చెయ్యి వానకాలం పోయినంక మెల్లగ లేసింది, పూర్తిగ కాదు, పాలు పిండేంత. తుంటి మాత్రం అట్లనే ఉన్నది. ఉప్పుసంచి పక్కపొంటి ఎవలూ కూసోలె. అవ్వ ఆ దిక్కు చూసుడు మాత్రం మానలె. అన్నం తినుకుంట చూసేది, మేకలను కట్టేసుకుంట చూసేది. "వచ్చిందా?" అని ఒక్కసారి అడిగిన. "ఎక్కడొస్తది" అన్నది. ఇల్లంత సప్పుడు లేకుంట అయింది. నాకు ఆ సప్పుడు లేనితనమే ఎక్కువ బుగులు పెట్టింది, నిజంగ.

మరుసటేడు పెత్రమాస వచ్చింది. మా దిక్కు ఆనాడు పోయినోళ్ల పేరు మీద బియ్యం ఇస్తరు. చాటల బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టుకొని పోతె, అయ్యగారు ఒక్కొక్కరి పేరు అడుగుతడు, నీళ్లిడుస్తడు. అవ్వ ప్రతి యేడు ఇచ్చేది. తాత పేరు, అత్త మామల పేర్లు, మేనమామ పేరు, మా అమ్మ పేరు. తన తల్లి పేరు మీద ఎన్నడూ ఇయ్యలె. నేను అది ఎన్నడూ గమనించలె.

ఆ పొద్దుగాల నా కోసం ఆగకుంట తనే చాట ఎత్తుకున్నది. లేసిన చేతిల ఇంక బలం లేదు, బియ్యం గింజలు రాలుతున్నయి. నేను పట్టుకుంట అంటె ఇయ్యలె. అయ్యగారి ముంగట జనం కూసున్నరు. అవ్వ వంతు వచ్చింది. తాత పేరు చెప్పింది, అత్త మామల పేర్లు చెప్పింది, మేనమామ, మా అమ్మ. అయ్యగారు ఇంక అయిపోయిందనుకొని చాట తీసుకోబోయిండు.

"ఇంకొకలున్నరు" అన్నది అవ్వ. చాట ఇడువలె.

"చెప్పమ్మా."

అవ్వ పేరు చెప్పింది. నేను ఆ పేరు ఇనుడు గదే మొదలు. బాపు గూడ తల లేపి చూసిండు. జనం మాటల్ల అయ్యగారికి ఇనవడలె. "ఎవలమ్మా?" అని చెవి దగ్గరికి తెచ్చిండు.

అవ్వ ఇంకోపారి చెప్పింది, ఈపారి జర గట్టిగ.